వారం వంటల ప్రణాళిక: నలుగురున్న ఇంట్లో సరకుల లెక్క

జాతీయ నమూనా సర్వే కార్యాలయం 2023 ఆగస్టు నుంచి 2024 జులై వరకు నిర్వహించిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పట్టణవాసి సగటు నెలసరి ఖర్చు రూ.6,996, గ్రామీణుడిది రూ.4,122. ఇందులో ఆహారం వాటా పట్టణాల్లో 39.68 శాతం, పల్లెల్లో 47.04 శాతం. నలుగురున్న కుటుంబానికి ఈ సగటుతో లెక్కగడితే తిండి ఖర్చు నెలకు పట్టణంలో దాదాపు రూ.11,100, గ్రామంలో రూ.7,750 అవుతుంది. అద్దె, బడి ఫీజు, అప్పు వాయిదా వంటివి కుటుంబం కోరినంత మాత్రాన తగ్గవు. నెలాఖరు ఇబ్బంది ముందుగా కంచం మీదే పడుతుంది. అదీ చాలా ఇళ్లలో అందరికన్నా చివర తినే గృహిణి కంచం మీద. సరకుల ప్రణాళిక అవసరం ఇక్కడే మొదలవుతుంది.

అదే సర్వేలో గమనించదగిన మరో అంకె ఉంది. మొత్తం ఖర్చులో పానీయాలు, చిరుతిళ్లు, శుద్ధి చేసిన ఆహారం వాటా పట్టణాల్లో 11.09 శాతం, గ్రామాల్లో 9.84 శాతం. తృణధాన్యాలపై పెడుతున్నది అంతకన్నా చాలా తక్కువ. కాబట్టి పొదుపు పేరుతో పప్పు పలచన చేయడం, పాలలో నీళ్లు కలపడం దారి తప్పిన లెక్క. కోత పడవలసింది బిస్కెట్లు, శీతల పానీయాలు, బయటి తినుబండారాల పద్దులో.

ఎంత కొనాలన్నది ఎంత తినాలన్నదానిపై ఆధారపడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2,000 కిలో కేలరీలు అవసరమైన వ్యక్తికి 250 గ్రాముల తృణధాన్యాలు, 85 గ్రాముల పప్పులు లేదా మాంసాహారం, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 35 గ్రాముల గింజలు, 27 గ్రాముల నూనె, కొవ్వులు సూచించింది. నలుగురు పెద్దలకు దీన్ని వర్తింపజేస్తే నెలకు 30 కిలోల ధాన్యం, సుమారు 10 కిలోల పప్పులు (కొంత భాగం గుడ్లు, చేపలు, మాంసంతో భర్తీ చేసుకోవచ్చు), మూడు కిలోల పైచిలుకు నూనె, వారానికి 11 కిలోల కూరగాయలు. ఈ అంకెలను ఇంటి చీటీతో పోల్చి చూస్తే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. నూనె ఎక్కువగా, కూరగాయలు, పప్పులు తక్కువగా కొంటున్నట్లు తేలడం అరుదేమీ కాదు.

చీటీ రాసే ముందు డబ్బాలు, ఫ్రిజ్ చూడాలి. ఉన్న సరకుతో ఏమేం వండవచ్చో తేలాకే లేనిది రాసుకోవాలి. కూరగాయలు కొన్న రోజు నుంచి వంటల వరుస వాటి ఆయుష్షును బట్టి సాగాలి. మొదటి రెండు రోజులు తోటకూర, పాలకూర, గోంగూర; తర్వాత బెండ, వంగ, బీర; వారం చివరకు దొండ, క్యాబేజీ, కంద, గుమ్మడి, బంగాళాదుంప. రుబ్బిన పిండి మొదటి రోజు ఇడ్లీ, మర్నాడు దోసె, కాస్త పులిశాక ఊతప్పమో గుంత పొంగనాలో అవుతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక భారతీయ గృహాల్లో ఏటా తలకు 55 కిలోల ఆహారం వృథా అవుతోందని అంచనా వేసింది. తొక్కలు, ఎముకలు కూడా అందులో కలిసి ఉన్నందున అదంతా నివారించగల నష్టం కాదు. కుళ్లిన ఆకుకూర మాత్రం కచ్చితంగా నివారించదగినదే.

ప్రణాళిక బిగుసుకుపోకూడదు. 2023 జులైలో టమాటా కిలో ధర అనేక నగరాల్లో రూ.200 దాటింది. అలాంటి వారంలో టమాటా పప్పు అని రాసుకున్నందుకు అదే వండనక్కరలేదు. పులుపుకు చింతపండు, గోంగూర, నిమ్మరసం, వేసవిలో అయితే మామిడికాయ, చింతచిగురు ఉన్నాయి. కాగితంపై “పుల్లటి పప్పు” అని రాసి, దేనితో అన్నది బజారుకు వదిలేయడం మేలు. ఎండుమిర్చి, చింతపండు, కందిపప్పు కొత్త పంట వచ్చే వేసవి ముంగిట ఏడాదికి సరిపడా తీసుకునే పాత అలవాటు వెనక ఉన్నదీ ఈ ధరల గ్రహింపే.

ప్యాకెట్లను పోల్చేటప్పుడు గరిష్ఠ ధరకన్నా యూనిట్ ధర ముఖ్యం. 900 గ్రాములను కిలోగా పొరబడే ప్రమాదం దానితో తప్పుతుంది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ముందస్తు ప్యాకింగ్ బియ్యం, పప్పులు, పిండిపై 5 శాతం జీఎస్‌టీ విధించారు. విడిగా తూచి ఇచ్చేవాటిపై లేదు. తెలుగు రాష్ట్రాల దుకాణాల్లో 26 కిలోల బియ్యం బస్తా కనిపించడం ఆ తర్వాతే మొదలైంది. కూరగాయలకు, 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన రైతు బజార్లలో బోర్డుపై రాసిన ధర కళ్లెదుటే ఉంటుంది.

నెల సరకులు ఒకేసారి కొనమన్న సలహా నెల జీతం ఉన్నవారికే పనికొస్తుంది. రోజు కూలీపై బతికే కుటుంబం చిన్న పొట్లాలు కొంటూ గ్రాముకు ఎక్కువే చెల్లిస్తుంది. అది తెలియక కాదు, చేతిలో డబ్బు లేక. ఈ ఇళ్లకు రేషన్ బియ్యమే ప్రణాళికకు పునాది. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఉచితంగా అందుతోంది; తెలంగాణ 6 కిలోల చొప్పున ఇస్తోంది. ధాన్యానికి మిగిలిన డబ్బును వారానికోసారి పప్పు, నూనె లీటరు ప్యాకెట్‌గా కొనడానికి కేటాయించినా చిల్లర కొనుగోళ్ల భారం కొంత దిగుతుంది. కిరాణా కొట్టులో అరువు ఖాతా ఉన్నవారు ధర అడిగి రాయించుకోవాలి. నెలాఖరున మొత్తం ఒకేసారి చెల్లించేటప్పుడు ఏది ఎంతకు తెచ్చారో గుర్తుండదు.