మినహాయింపు షరతులు, అన్యాయమైన ఒప్పందాలు (భారతీయ చట్టం)

అన్యాయమైన ఒప్పంద షరతులు అనగా, ఒప్పందంలో బలమైన పక్షం తనకు అనుకూలంగా ముందే వ్రాసి ఉంచి, రెండవ పక్షానికి బేరమాడే అవకాశం ఇవ్వకుండా అంగీకరింపజేసే నిబంధనలు. వీటిలో ముఖ్యమైనది మినహాయింపు షరతు. తన వలన జరిగే నష్టానికి తాను బాధ్యత వహించనని, లేదా ఇంత సొమ్ముకు మించి చెల్లించనని ఒక పక్షం ముందుగానే వ్రాసుకొనే నిబంధనకు ఈ పేరు. ఇంగ్లాండులో వలె వీటిని అదుపు చేసే ప్రత్యేక చట్టం భారతదేశంలో లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని కొన్ని సెక్షన్లు, వాటికి న్యాయస్థానాలు చెప్పిన భాష్యం, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కలిసి ఆ లోటును కొంతవరకు పూరిస్తున్నాయి. అందువలన ఒకే రకమైన షరతు ఒక కేసులో చెల్లడం, మరొక కేసులో చెల్లకపోవడం ఈ శాఖలో తరచుగా కనిపిస్తుంది.

సమస్య స్వరూపం

ఒప్పందం అంటే ఇద్దరు కూర్చుని మాట్లాడుకొని, ఇచ్చిపుచ్చుకొని కుదుర్చుకొనేది అని పాఠ్యపుస్తకాల నిర్వచనం. నిత్యజీవితంలో జరిగేది వేరు. కొట్టు బిల్లు అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అని ఉంటుంది. సైకిల్ స్టాండు చీటీ మీద "వస్తువులు పోయిన యెడల యాజమాన్యము బాధ్యత వహించదు" అని ఉంటుంది. బీమా పాలసీ, బ్యాంకు ఋణపత్రం, ఫ్లాటు కొనుగోలు ఒప్పందం అచ్చు వేసి సిద్ధంగా ఉంటాయి. కొనేవాడు చేయవలసింది చుక్కల గీత మీద సంతకం మాత్రమే. మొబైల్ ఫోనులో ఆ సంతకం కూడా లేదు, ఒక గడిలో టిక్కు పెడితే చాలు. ఇటువంటి వాటిని ప్రామాణిక ఒప్పందాలు అంటారు. వేలమందితో వ్యాపారం చేసే సంస్థ ప్రతి ఒక్కరితో విడివిడిగా షరతులు మాట్లాడుకోలేదు గనుక ఇవి అవసరమే. చిక్కంతా, వ్రాసేది ఎప్పుడూ ఒక పక్షమే కావడంలో ఉన్నది.

ఇంగ్లాండు నుండి వచ్చిన సూత్రాలు

రైలు టిక్కెట్లు, సామాను గది చీటీలు వచ్చిన తరువాతనే ఈ ప్రశ్న కోర్టులకు చేరింది. 1877లో సౌత్ ఈస్టర్న్ రైల్వే కేసులో ఒక ప్రయాణికుడు స్టేషనులోని సామాను గదిలో సంచి ఉంచాడు. 10 పౌండ్లకు మించిన వస్తువుకు తమ బాధ్యత లేదని చీటీ వెనుక ముద్రించి ఉన్నది. సంచి పోయింది. షరతు ఉన్న సంగతి తెలిసేందుకు తగినంత ప్రయత్నం జరిగిందా అన్నదే అసలు ప్రశ్న అని, చీటీని అతడు చదివాడా లేదా అన్నది నిర్ణాయకం కాదని అప్పీలు కోర్టు చెప్పింది. "తగిన నోటీసు" సూత్రం ఇక్కడ స్థిరపడింది. 1971 నాటి షూ లేన్ పార్కింగ్ కేసులో లార్డ్ డెన్నింగ్ దీనిని మరొక మెట్టు ఎక్కించాడు. యంత్రంలో నుండి టిక్కెట్టు బయటకు వచ్చేసరికే ఒప్పందం ముగిసిపోయిందనీ, ఆ తరువాత కనిపించే షరతు అందులో భాగం కాదనీ ఆయన తీర్పు.

సంతకం చేసినవారికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. సిగరెట్లు అమ్మే యంత్రాన్ని కొన్న ఒక మహిళ గోధుమరంగు కాగితం మీద చిన్న అక్షరాలను చదవకుండానే సంతకం చేసింది. యంత్రం సరిగా పనిచేయలేదు. మోసం గాని, తప్పుడు మాట గాని లేనప్పుడు సంతకం కట్టుబడి ఉంచుతుందని 1934లో అక్కడి న్యాయస్థానం తేల్చింది. ఈ కఠినమైన నియమం భారతీయ తీర్పులలోనూ కనిపిస్తుంది.

అక్కడి పార్లమెంటు 1977లో అన్యాయమైన ఒప్పంద షరతుల చట్టం చేసింది. వ్యాపార నిర్వహణలో నిర్లక్ష్యం వలన కలిగే మరణానికి, గాయానికి బాధ్యతను ఏ షరతూ తప్పించలేదు; ఇతర నష్టాల విషయంలో షరతు సమంజసమైనదని రుజువు కావాలి. 1983 నాటి ఫిన్నీ లాక్ సీడ్స్ కేసు ఈ సమంజసత్వ పరీక్షకు మంచి ఉదాహరణ. సుమారు 200 పౌండ్ల ఖరీదు చేసే క్యాబేజీ విత్తనం కొని విత్తిన రైతులకు పనికివచ్చే పంట రాలేదు. నష్టం 61,000 పౌండ్లకు పైగా. విత్తనం ఖరీదు మాత్రమే తిరిగి ఇస్తామన్న షరతు సమంజసం కాదని ప్రభువుల సభ తీర్పు ఇచ్చింది. వినియోగదారుల ఒప్పందాలకు 2015 నుండి అక్కడ వినియోగదారుల హక్కుల చట్టం వర్తిస్తున్నది.

భారత కాంట్రాక్టు చట్టం, 1872

ఈ చట్టంలో "అన్యాయమైన షరతు" అన్న మాటే లేదు. న్యాయస్థానాలు ఆధారపడినవి ప్రధానంగా ఈ సెక్షన్లు.

సెక్షను 16 అనుచిత ప్రభావానికి సంబంధించినది. ఒకరి సంకల్పాన్ని శాసించగల స్థితిలో ఉన్నవాడు చేసుకొన్న ఒప్పందం పైకే ఘోరంగా కనిపిస్తే, తాను ప్రభావం చూపలేదని నిరూపించుకోవలసిన భారం అతడిదే. వడ్డీ వ్యాపారి, ఋణగ్రస్తుడు వంటి కేసులకు ఇది బాగా ఉపయోగపడింది గాని, ముఖం కూడా చూడని కంపెనీకీ కొనుగోలుదారుకూ మధ్య దీనిని నిలబెట్టడం కష్టం. సెక్షను 23 ప్రకారం ప్రజా విధానానికి (పబ్లిక్ పాలసీకి) విరుద్ధమైన ఒప్పందం చెల్లదు. తరువాతి చరిత్ర అంతా ఎక్కువగా దీని చుట్టూనే తిరిగింది. సెక్షను 74, ఒప్పందంలో ఎంత జరిమానా వ్రాసుకొన్నా, ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే ఇప్పిస్తుంది. న్యాయస్థానానికి వెళ్ళే హక్కును పూర్తిగా అడ్డుకొనే షరతు సెక్షను 28 వలన చెల్లదు. "క్లెయిము తిరస్కరించిన పన్నెండు నెలలలో దావా వేయకపోతే హక్కే పోతుంది" అని బీమా పాలసీలలో వ్రాసే అలవాటు చాలాకాలం చెల్లుబాటయింది. 1997 జనవరి 8 నుండి అమలులోకి వచ్చిన సవరణ ఆ దారిని మూసివేసింది.

వస్తువును మరొకరికి అప్పగించే సందర్భాలకు సెక్షను 151 వర్తిస్తుంది. సామాన్య వివేకం గల మనిషి తన సొంత వస్తువు పట్ల చూపే జాగ్రత్తను, తీసుకొన్నవాడు ఈ వస్తువు పట్ల చూపాలి. అయితే ఈ జాగ్రత్తను ఒప్పందం ద్వారా తగ్గించుకోవచ్చునా? 152వ సెక్షనులోని "ప్రత్యేక ఒప్పందం లేనప్పుడు" అన్న మాటల మీద హైకోర్టులు దశాబ్దాల పాటు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చాయి.

విమానం టిక్కెట్టు, చీర రసీదు, కారు చీటీ

మూడు కాగితాల కథ ఈ చట్ట పరిణామాన్ని స్పష్టంగా చూపుతుంది.

1953 డిసెంబరులో నాగపూరు వద్ద ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి కూలిపోయింది. మరణించిన ఒక ప్రయాణికుని భార్య, మైనరు కుమారుడు నష్టపరిహారం కోరారు. సిబ్బంది నిర్లక్ష్యం వలన ప్రమాదం జరిగినా సంస్థకు బాధ్యత లేదని టిక్కెట్టులో షరతు ఉన్నది. 1865 నాటి రవాణాదారుల చట్టం భూమి మీద, లోతట్టు జలమార్గాలలో జరిగే రవాణాకే వర్తిస్తుంది. 1934 నాటి విమాన రవాణా చట్టం అంతర్జాతీయ ప్రయాణాలకు సంబంధించినది. కాబట్టి దేశంలోపలి విమాన ప్రయాణానికి చట్టం ఏదీ అడ్డు రాలేదు. షరతు చెల్లుతుందని కలకత్తా హైకోర్టు నిర్ణయించింది (1965 లా రిపోర్టులలో ప్రచురితం). 1972 నాటి కొత్త విమాన రవాణా చట్టం, దాని కింద వెలువడిన ప్రకటన దేశీయ ప్రయాణాలకు కూడా పరిహార బాధ్యతను విధించడంతో ఆ పరిస్థితి తొలగింది. ఆ కుటుంబానికి అది ఉపయోగపడలేదు.

మరుసటి ఏడాది రిపోర్టులలో మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి వచ్చింది. ఇది లిల్లీ వైట్ కేసుగా ప్రసిద్ధం. డ్రై క్లీనింగ్‌కు ఇచ్చిన చీర పోయింది. రసీదు మీద, వస్తువు పోతే మార్కెట్టు విలువలో సగమే ఇస్తామని ముద్రించి ఉన్నది. దీనిని చెల్లనిస్తే, దుకాణదారుడు నచ్చిన బట్టను ఉంచుకొని సగం ధర చేతిలో పెట్టవచ్చును. అనగా తన తప్పు వలన తానే లాభపడవచ్చును. ప్రజా విధానానికి విరుద్ధమైన షరతు, బిల్లు వెనుక అచ్చయినంత మాత్రాన, కొనుగోలుదారు మౌనంగా తీసుకొన్నంత మాత్రాన అమలు కాదని హైకోర్టు చెప్పింది. ఒక మనిషి ప్రాణం విషయంలో నిలిచిన షరతు చీర విషయంలో నిలవకపోవడం విచిత్రంగా తోచవచ్చు. రెండు కోర్టులూ వేర్వేరు సూత్రాల మీద నడిచాయి. వాటిని కలిపే చట్టం లేదు.

మూడవది ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్ కేసు. 1998 ఆగస్టులో ఒక అతిథి కారును హోటలు సిబ్బందికి అప్పగించి లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి వేరొకరు దానిని తీసుకుపోయారు. కారుకు ఏమి జరిగినా బాధ్యత అతిథిదేనని సిబ్బంది ఇచ్చిన చీటీ మీద ఉన్నది. 2019 నవంబరు 14న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, వాహనం హోటలు స్వాధీనంలోకి వచ్చాక దానిని భద్రంగా తిరిగి ఇచ్చే బాధ్యత ఏర్పడుతుంది. 151వ సెక్షను కోరే కనీస జాగ్రత్తను షరతు ద్వారా తగ్గించుకొనే వీలు లేదు. ఆ జాగ్రత్త తీసుకొన్నట్లు చూపవలసిన భారం కూడా హోటలుదే. దొంగతనానికీ ఈ తీర్పుకూ మధ్య 21 సంవత్సరాలు గడిచాయి. వాహనాన్ని యజమానే ఖాళీ స్థలంలో నిలిపి తాళం తన వద్దనే ఉంచుకొన్న సందర్భాలకు ఈ తీర్పు యథాతథంగా వర్తించదు.

1986 నాటి తీర్పు

సెక్షను 23కు విస్తృతమైన అర్థం ఇచ్చినది సెంట్రల్ ఇన్లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ కేసు. ఈ ప్రభుత్వ సంస్థ నియమాల ప్రకారం మూడు నెలల నోటీసుతో, కారణం చెప్పకుండానే శాశ్వత ఉద్యోగిని తొలగించవచ్చును. బేరమాడే శక్తిలో సమానత లేని పక్షాల మధ్య కుదిరిన, మనస్సాక్షికి ఎదురుతిరిగే షరతును న్యాయస్థానం అమలు చేయదని జస్టిస్ డి.పి. మాదన్ వ్రాసిన తీర్పు ప్రకటించింది. పక్షాలు సమాన బలం గలవైనప్పుడు, ఇద్దరూ వ్యాపారులైనప్పుడు ఇది సాధారణంగా వర్తించదని కూడా అదే తీర్పు చెప్పింది. 1990లో ఢిల్లీ రవాణా సంస్థ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇటువంటి నియమాన్నే కొట్టివేసింది.

ఈ సిద్ధాంతం ప్రతిచోటా పనిచేయలేదు. 1996లో డీహెచ్‌ఎల్ కొరియరు సంస్థపై వచ్చిన కేసులో, సంతకం చేసిన పత్రంలో బాధ్యత 100 డాలర్లకే పరిమితం అని ఉన్నందున అంతకు మించి రాదని సుప్రీం కోర్టు నిర్ణయించింది.

లా కమిషన్ సిఫారసులు

1984లో లా కమిషన్ తన 103వ నివేదికలో, కాంట్రాక్టు చట్టంలో 67ఎ అనే కొత్త సెక్షనును చేర్చాలని సూచించింది. 2006లో జస్టిస్ ఎం. జగన్నాధరావు అధ్యక్షతన కమిషన్ ఇచ్చిన 199వ నివేదిక మరింత సమగ్రమైనది. ఒప్పందం కుదిరిన తీరులోని అన్యాయాన్ని, షరతులోనే ఉన్న అన్యాయాన్ని విడదీసి చూపి, ముసాయిదా బిల్లును కూడా జతచేసింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి సుప్రీం కోర్టుకు వెళ్ళిన జగన్నాధరావు హయాంలో వచ్చిన ఈ నివేదికను కాంట్రాక్టు చట్టం చదివే విద్యార్థులు తప్పక చూడవలసి ఉన్నది. రెండు సిఫారసులూ చట్టరూపం దాల్చలేదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019

1986 నాటి చట్టం స్థానంలో 2020 జూలైలో అమలులోకి వచ్చిన ఈ చట్టం, "అన్యాయమైన ఒప్పందం" అన్న భావనకు సెక్షను 2(46)లో మొదటిసారిగా నిర్వచనం ఇచ్చింది. మితిమీరిన డిపాజిట్టు కోరడం, నష్టానికి పొంతన లేని జరిమానా, ముందుగా అప్పు తీర్చివేస్తానన్నా తగిన రుసుముతో అంగీకరించకపోవడం, సరైన కారణం లేకుండా ఏకపక్షంగా రద్దు చేసే అధికారం, వినియోగదారు సమ్మతి లేకుండా అతనికి నష్టం కలిగేలా ఒప్పందాన్ని ఇతరులకు బదిలీ చేయడం, అసమంజసమైన భారం మోపడం ఇందులో పేర్కొనబడినవి. లోపం గల సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు లేకపోతే 30 రోజులలో వాపసు తీసుకోకపోవడం అనుచిత వాణిజ్య పద్ధతి. కాబట్టి "వాపసు తీసుకొనబడదు" అన్న ముద్ర లోపమున్న సరుకు విషయంలో పనికిరాదు. రంగు నచ్చలేదని తిరిగి ఇచ్చే హక్కు మాత్రం దీనివలన రాదు.

ఫ్లాట్ల ఒప్పందాలలో పెద్ద మలుపు 2019 ఏప్రిల్ నాటి పయనీర్ అర్బన్ కేసు. కొనుగోలుదారు వాయిదా ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ, బిల్డరు ఆలస్యం చేస్తే 9 శాతం అని వ్రాసుకొన్నారు. ఇది ఏకపక్షమనీ, పాత చట్టం కింద కూడా అనుచిత వాణిజ్య పద్ధతేననీ సుప్రీం కోర్టు తేల్చింది. 2016 నాటి స్థిరాస్తి (రెరా) చట్టం రెండు పక్షాలకూ ఒకే వడ్డీ రేటు ఉండాలని ముందే నిర్దేశించింది.

బీమాలో 2022 నాటి టెక్స్‌కో మార్కెటింగ్ కేసు గమనించదగినది. నేలమాళిగలో ఉన్న దుకాణానికి బీమా ఇచ్చి, నేలమాళిగకు బీమా వర్తించదన్న షరతును అగ్నిప్రమాదం తరువాత చూపారు. ఒప్పందం ఉద్దేశాన్నే హరించే మినహాయింపు, అందునా ముందుగా తెలియజేయనిది, చెల్లదని సుప్రీం కోర్టు తీర్పు. పాలసీలోని మాటలకు రెండు అర్థాలు వస్తే వ్రాసినవారికి వ్యతిరేకంగా చదవాలన్న పాత సూత్రం కూడా బీమా కేసులలో విరివిగా వాడబడుతున్నది.

రైతుల విషయంలో 2012 నాటి నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసు ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళినదే. నాసిరకం విత్తనంతో నష్టపోయిన రైతులు వినియోగదారుల ఫోరాలను ఆశ్రయించగా, మధ్యవర్తిత్వం షరతు ఉన్నదని సంస్థ వాదించింది. ఆ షరతు ఉన్నంత మాత్రాన ఫోరం తలుపులు మూసుకోవని సుప్రీం కోర్టు చెప్పింది.

పరిమితులు

ఒప్పందమే అన్యాయమైనదని చేసే ఫిర్యాదును జిల్లా కమిషన్ స్వీకరించలేదు. చెల్లించిన ప్రతిఫలం 10 కోట్ల రూపాయల వరకు ఉంటే రాష్ట్ర కమిషన్, దాటితే జాతీయ కమిషన్ విచారించి షరతును రద్దు చేయవచ్చును. రెండు వేల రూపాయల సేవలో అన్యాయపు షరతును రద్దు చేయించుకోదలచిన వ్యక్తి కూడా రాష్ట్ర కమిషన్‌కే వెళ్ళాలి. సేవా లోపం, లోపమున్న సరుకు అన్న కారణాలతో మాత్రం జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చును.

వాణిజ్య ప్రయోజనం కోసం సరుకు గాని సేవ గాని పొందినవారు సాధారణంగా వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో జీవనం గడుపుకొనేవారికి మాత్రం చట్టంలోనే మినహాయింపు ఉన్నది. బ్యాంకుతోనో, పెద్ద పంపిణీదారుతోనో, ఆన్‌లైన్ అమ్మకపు వేదికతోనో అచ్చు ఒప్పందం మీద సంతకం చేసే చిన్న వ్యాపారి ఈ మినహాయింపులోకి రాకపోతే, అతనికి మిగిలేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సివిల్ కోర్టు.