సుల్తానా నవ్వు ఎక్కడ పోయింది?

పోయినేడాది నా కథ ఒకటి హాస్యకథల సంకలనంలో అచ్చయింది. మామూలు హాస్యం కాదు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కలగలిసిన ఊహాకథల్లోంచి నవ్వించేవి మాత్రమే ఏరి వేసిన పుస్తకం. నా కథలో ఒక ఊరుంది. ఆ ఊళ్ళో ఇంటిపని చెయ్యని మనిషికి బరువుండదు. అంట్లు తోమని వాళ్ళు, బట్టలు ఉతకని వాళ్ళు పొద్దెక్కేసరికి గాల్లోకి తేలిపోతుంటారు. అందుకని ఆడవాళ్ళు తెల్లారగానే మగవాళ్ళ కాళ్ళకి తాళ్ళు కట్టి మంచం కోళ్ళకి ముడేస్తారు. వాళ్ళు పైకప్పు కింద తేలుతూనే పేపరు చదువుకుంటారు, కాఫీ ఇంకా రాలేదేమని కేకలేస్తారు. నేను రాసిన ముగింపులో సుందరమ్మ ఒకరోజు తాడు కట్టదు. మర్చిపోయి కాదు, కావాలనే.

సంపాదకుడికి కథ బాగా నచ్చింది, ముగింపు తప్ప. "నవ్వుకుందామని పుస్తకం కొన్నవాళ్ళకి చివర్లో ఈ చేదెందుకు మేడమ్?" అన్నారు. నేను మార్చాను. కొత్త ముగింపులో సుందరమ్మ పరుగున పోయి తాడు అందుకుంటుంది. ఆయన కిందికి దిగి, బుద్ధి తెచ్చుకుని రెండు గిన్నెలు తోముతాడు. పుస్తకం చేతికొచ్చాక ఆ చివరి పేరా చదువుకుంటే పరాయి మనిషి రాసినట్టుంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. మరి అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాను? నవ్వించే కథకి కోపం ఉండకూడదని నేను కూడా నమ్మానా?

ఈ ప్రశ్నతోనే రొకేయా సఖావత్ హుస్సేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' మళ్ళీ తీశాను. యూనివర్సిటీలో పాఠం చెప్పేటప్పుడు ఎన్నోసార్లు చదివిన కథే. ఈసారి మాత్రం స్త్రీవాద పాఠంగా కాక, హాస్యకథగా చదివాను. అడుగడుగునా నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ ఈ నవ్వు నాకెందుకు వినపడలేదా అని సిగ్గు కూడా వేసింది.

రొకేయా 1880లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ దగ్గర పైరాబంద్‌లో పుట్టింది. జమీందారీ కుటుంబం, కఠినమైన ఘోషా. ఇంట్లో ఆడపిల్లలకి బెంగాలీ, ఇంగ్లీషు చదువు వద్దన్నారు. అన్నగారు ఇబ్రహీం సాబెర్ అందరూ పడుకున్నాక రాత్రిపూట కూర్చోబెట్టి ఇంగ్లీషు నేర్పాడు. పెళ్ళయ్యాక బీహార్‌లోని భాగల్పూర్ వెళ్ళింది. భర్త సఖావత్ హుస్సేన్ డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆయన క్యాంపుకెళ్ళినప్పుడు పొద్దుపోక ఈ కథ ఇంగ్లీషులో రాశానని ఆమే తర్వాత చెప్పుకుంది. తిరిగొచ్చిన భర్త నిలబడే మొత్తం చదివేశాడట. భీకరమైన పగ తీర్చుకున్నావు అనే అర్థం వచ్చే మాట అన్నాడట.

ఆయన అలా ఎందుకన్నాడో కథ చూస్తే తెలుస్తుంది. కలలో సుల్తానా ఒక స్త్రీల దేశానికి వెళుతుంది. అక్కడ ఆడవాళ్ళు వీధుల్లో తిరుగుతారు, మగవాళ్ళు మర్దానాలో వంట చేస్తూ పిల్లల్ని చూసుకుంటూ ఉంటారు. వీధిలో ఆడవాళ్ళు సుల్తానాని చూసి నవ్వుతారు. ఎందుకని అడిగితే, నువ్వు మగవాడిలా ఉన్నావంటున్నారని తోడొచ్చిన సిస్టర్ సారా చెబుతుంది. మగవాడిలా అంటే ఆ దేశంలో బెదురుతూ, సిగ్గుపడుతూ ఉండడం! ఆఫీసు పని ఆడవాళ్ళు రెండు గంటల్లో ముగిస్తారు. మగవాళ్ళకి ఏడు గంటలెందుకు పట్టేదో సారా లెక్క కట్టి చెబుతుంది. చుట్ట కాలడానికి అరగంట, రోజుకి పన్నెండు చుట్టలు, అంటే ఆరు గంటలు పొగకే సరి. మగవాడు బలవంతుడు కదా అంటే, సింహం మనిషికన్నా బలమైనదే, అయినా మనిషి మీద పెత్తనం చెయ్యడం లేదుగా అని జవాబు.

ఇంకో ముక్క ఉంది. శత్రువుని సూర్యకాంతితో తరిమేశాక మగవాళ్ళు లోపలే ఉండిపోతారు. కొంతకాలానికి పోలీసు కమిషనర్లు, జిల్లా మేజిస్ట్రేట్లు రాణిగారికి అర్జీ పెట్టుకుంటారు. యుద్ధం ఓడింది సైన్యాధికారులు, మేం మా డ్యూటీ సక్రమంగానే చేశాం, మా ఉద్యోగాలు మాకిప్పించండి అని. అవసరం పడితే కబురు చేస్తాం, అందాకా అక్కడే ఉండండి అని రాణి సర్క్యులర్ పంపుతుంది. ఈ కథకి మొదటి పాఠకుడు ఒక డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆయన దీన్ని ఇంగ్లీషు సరిచూడమని ఇచ్చింది భాగల్పూర్ కమిషనర్‌కి. నవ్వు ఎవరి గుమ్మం ముందు నిలబడిందో చూడండి.

కథ 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. ఇక్కడ మనకొక చుట్టరికం ఉంది. 1901లో ఆ పత్రిక మొదలుపెట్టి నడిపిన కమలా సత్తియనాథన్ తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మనిషి. పుట్టింటి పేరు హన్నా రత్నం కృష్ణమ్మ. స్త్రీవిద్య, కుట్లూ అల్లికలూ, సంస్కరణ వ్యాసాలూ కలిపి వేసే మర్యాదస్తుల పత్రిక అది. అందులో మగజాతి మొత్తాన్నీ వంటింట్లో పెట్టి తాళం వేసిన కథకి చోటు దొరికింది. 1908లో అది కలకత్తాలో పుస్తకంగా వచ్చింది. తర్వాత రొకేయాయే బెంగాలీలోకి తెచ్చి 1922లో 'మోతీచూర్' రెండో భాగంలో చేర్చింది.

ఆడవాళ్ళు ఏలే లోకం మన సాహిత్యానికి కొత్తేమీ కాదు. వీరేశలింగం 1890లలోనే 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' రాశారు. గలివర్ యాత్రల స్ఫూర్తితో రాసిన ఆ పుస్తకంలో మొదటి భాగం 'ఆడుమళయాళం'. అక్కడ పెత్తనం ఆడవాళ్ళది, అణకువ మగవాళ్ళది. మన ఆచారాలనే తిరగేసి చూపి పాఠకుడిని ఉలిక్కిపడేలా చెయ్యడం ఆయన ఉద్దేశం. ఆ లోకంలోకి వెళ్ళింది మగవాడు. అది అద్దం లాంటిది, చూసి బుద్ధి తెచ్చుకోవడానికే తప్ప అక్కడ కాపురం ఉండాలని ఎవరికీ అనిపించదు. రొకేయా లోకంలోకి వెళ్ళింది ఆడది. ఆమెకి అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. తిరగేసిన లోకం రెండు చోట్లా ఒకటే, అందులో నవ్వుకునే హక్కు ఎవరిదన్నదే తేడా.

ఇక సంకలనాల సంగతి. 1975లో అమెరికాలో పమేలా సార్జెంట్ స్త్రీల సైన్స్ ఫిక్షన్ కథలతో 'విమెన్ ఆఫ్ వండర్' తెచ్చినప్పుడు రొకేయా అందులో లేదు. 1988లో ఫెమినిస్ట్ ప్రెస్ రోషన్ జహాన్ సంపాదకత్వంలో ఆ కథని మళ్ళీ అచ్చువేసింది. 1991లో సూసీ తారు, కె. లలిత 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటిలో చేర్చారు. 2016లో వాండర్‌మీర్ దంపతుల 'బిగ్ బుక్ ఆఫ్ సైన్స్ ఫిక్షన్'లోకి ఎక్కింది. ఈ పుస్తకాలు లేకపోతే మనలో చాలామందికి ఆమె అందేదే కాదు. ఆ రుణం ఉంది. కానీ ఈ ప్రయాణంలో కథ మీద 'స్త్రీవాద ఆదర్శలోకం' అన్న చీటీ పడింది. ఆ చీటీ చూసి మనం సూర్యశక్తి గురించీ, ఘోషా గురించీ పేపర్లు రాశాం. పన్నెండు చుట్టల లెక్క దగ్గర ఆగి నవ్వలేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 1995లో ఎస్తర్ ఫ్రీస్నర్ 'చిక్స్ ఇన్ చెయిన్‌మెయిల్' అనే హాస్య ఫాంటసీ సంకలనం తెచ్చింది. చాలీచాలని ఇనప కవచాలు తొడిగి ఫాంటసీ బొమ్మల్లో నిలబెట్టిన వీరవనితల మీద ఎగతాళి అది. ఆ వరసలో 2015 దాకా పుస్తకాలు వచ్చాయి. కానీ ఆడవాళ్ళని చులకన చేసే మాటని అట్ట మీదే పెట్టి ఎగతాళి చేస్తే, మాటని ఎగతాళి చేశారా, మనుషుల్నా అన్నది లోపలికెళ్ళి చదివితేగాని తెలియదు. హాస్యం అన్న చీటీ పడితే తగాదా మాయమవుతుంది. స్త్రీవాదం అన్న చీటీ పడితే నవ్వు మాయమవుతుంది. మన దగ్గర హాస్యం రాసిన స్త్రీ అనగానే భానుమతి 'అత్తగారి కథలు' దగ్గర ఆగిపోవడం కూడా ఇలాంటిదే. ఇల్లు దాటి లోకాన్నే తిరగేసే నవ్వు ఆడవాళ్ళకి ఉంటుందని మనమే అనుకోం.

ఇప్పుడు నాకు రొకేయా ముగింపు కొత్తగా కనిపిస్తోంది. ఎగిరే బండిలోంచి జారిపడి సుల్తానా కుర్చీలో మెలకువ తెచ్చుకుంటుంది. కల చెదిరింది, అంతే. అంతకుముందు రాణి మనసు మార్చుకోలేదు. మర్దానా తలుపు తెరవలేదు. మేజిస్ట్రేట్లని వదిలిపెట్టలేదు. భర్త నిలబడి చదువుతాడని తెలిసి కూడా ఆమె ఒక్కరినీ బయటికి రానివ్వలేదు. పాతికేళ్ళ వయసులో, అన్నగారు రాత్రిళ్ళు నేర్పిన ఇంగ్లీషుతో, అచ్చులో ఆమె చూపిన తెగువ అది. నేను ఇన్నేళ్ళ చదువూ ఉద్యోగమూ ఉండి, ఒక ఫోన్ కాల్‌కి సుందరమ్మ చేతికి తాడు అందించాను.

నా కథల సంపుటి వేసేటప్పుడు పాత ముగింపే పెడతాను. ఆయన తేలిపోతాడు. సుందరమ్మ వాకిట్లో నిలబడి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కనపడినంత దూరం చూస్తుంది. తర్వాత లోపలికెళ్ళి ఒక్క కప్పు కాఫీ కలుపుకుంటుంది.