చిరువ్యాపారాలలో ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు

ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు అనగా మూలరచన అందరికీ అందుబాటులో ఉండి, ఎవరైనా వాడుకొనుటకు, మార్చుకొనుటకు, పంచుకొనుటకు లైసెన్సు అనుమతించే సాఫ్టువేరు. చిన్న దుకాణాల నిత్యావసరాలలో చాలా భాగాన్ని ఇది తీర్చగలదు. పన్నుల లెక్కలు, తెలుగు ముద్రణ విషయాలలో మాత్రం కొన్ని పరిమితులు కలవు.

అవసరాలు

నిజామాబాదు పసుపు మార్కెట్టులోని అడ్తిదారుకు తక్‌పట్టీలు, ఖాతాలు, ఎండు పసుపుపై 5 శాతం జీఎస్‌టీ లెక్కలు తప్పనిసరి. బోధన్‌లో 1937లో స్థాపించబడిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడింది. చెరకు రాబడిని నమ్ముకున్న దుకాణాలకు లైసెన్సు రుసుము కూడా భారమే. అయితే లైసెన్సు లేని నకలును తెలిసి వాడుట 1957 కాపీరైటు చట్టం, సెక్షన్ 63బి ప్రకారం నేరం. దీనికి 7 రోజుల నుండి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చును. వ్యాపార లాభం కొరకు వాడనివారికి జైలుశిక్ష మినహాయించే వెసులుబాటు ఉన్నది కాని, అది దుకాణదారునికి వర్తించదు.

కార్యాలయ పనులు

ఓపెన్ఆఫీస్.ఆర్గ్ నుండి 2010లో విడివడిన లిబ్రేఆఫీస్‌తో ఉత్తరాలు, ధరల పట్టికలు, కూలీల హాజరు వంటివి తయారు చేయవచ్చును. ఇది యూనికోడ్ తెలుగుకు అనువైనది. సీ-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్సు భారతీయ భాషలలో పనిచేసే ఆపరేటింగు సిస్టము.

ఖాతాలు, పన్నులు

గ్నూక్యాష్ జంటపద్దు విధానంలో ఖాతాలు నిర్వహిస్తుంది. కాని జీఎస్‌టీ రిటర్నులను తయారు చేసే ఏర్పాటు అందులో అంతర్గతంగా లేదు. ముంబైలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్‌కు భారతీయ పన్నుల అనుబంధం కలదు. దీనితో జీఎస్‌టీఆర్-1 వివరాలు, ఈ-వే బిల్లులు సిద్ధం చేసుకొనవచ్చును. అయితే దీని స్థాపనకు సర్వర్ పరిజ్ఞానం అవసరం. పద్దులలో చేసిన ప్రతి మార్పును నమోదు చేసే సాఫ్టువేరునే వాడవలెనన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీలకు అమలులోకి వచ్చినది. సొంత యాజమాన్యంలోని దుకాణాలు దీని పరిధిలోకి రావు.

తెలుగు ముద్రణ

డీటీపీ కేంద్రాలలో వాడుకలో ఉన్న అను ఫాంట్లు యూనికోడ్‌కు చెందినవి కావు. కనుక పాత శుభలేఖలు, కరపత్రాలు కొత్త సాఫ్టువేరులో యథాతథంగా అక్కరకు రావు. వాటిని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవలసి ఉంటుంది. ఆ తరువాత ఇంక్‌స్కేప్, స్క్రైబస్ వంటివి ఉపయోగపడతాయి.

పరిమితులు

ఉచితంగా లభించినంత మాత్రాన ఖర్చు ఉండదని కాదు. స్థాపన, గుమాస్తాకు శిక్షణ, రోజువారీ నకళ్ళ భద్రత యజమాని బాధ్యతలే. కొన్ని బిల్లు ప్రింటర్లకు లినక్సు డ్రైవర్లు దొరకవు. ఆడిటరు ట్యాలీ ఫైలునే కోరితే రెండుసార్లు పద్దులు వ్రాయవలసి వస్తుంది. అందువలన మొదట కార్యాలయ పనులను మార్చుకొని, ఖాతాలను ఒక త్రైమాసికం పాటు రెండు విధాలుగా వ్రాసి సరిచూసుకొనుట క్షేమం.

ఇవి కూడా చూడండి

* లినక్సు
* యూనికోడ్
* నిజామాబాదు
* బోధన్