శాటిలైట్ ఫైండర్

డిష్ యాంటెన్నాను ఉపగ్రహం వైపు తిప్పి బిగించడానికి వాడే చేతి మీటరు. దీన్ని డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీకీ సెట్‌టాప్ బాక్సుకూ మధ్య కలుపుతారు. కరెంటు బాక్సు నుంచే అందుతుంది. సిగ్నల్ పెరిగేకొద్దీ ముల్లు లేస్తుంది, బీప్ మోత హెచ్చుతుంది.

ఉదాహరణకు, డీడీ ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉన్న జీశాట్-15 నుంచి వస్తాయి. యానాంలోని అగ్రహారంలో డాబా ఎక్కి చూస్తే అది ఆగ్నేయాన, ఉత్తరం నుంచి సవ్యదిశలో సుమారు 145 డిగ్రీల దగ్గర, 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. డిష్‌ను వెంట్రుకవాసి చొప్పున కదుపుతూ, ముల్లు గరిష్ఠానికి చేరి తగ్గడం మొదలవగానే కాస్త వెనక్కి తెచ్చి నట్లు బిగించాలి.

సాదా మీటరు సిగ్నల్ బలాన్నే చూపుతుంది, అది ఏ ఉపగ్రహానిదో చెప్పదు. పక్కనే 95 డిగ్రీల వద్ద మరో ఉపగ్రహం ఉంది కనుక చివరగా టీవీ తెరపై క్వాలిటీ గీతనూ సరిచూసుకోవాలి.