వార్డు దారి, కమాండ్ దారి

మిలిటరీ ఆస్పత్రి కమాండెంట్ డాక్టరే. కానీ ఆయన రోజులో ఎక్కువ భాగం రోగి పక్కన గడవదు. మందుల నిల్వలు, అంబులెన్సులు, సిబ్బంది సెలవులు, క్రమశిక్షణ కేసులు, వంటశాల, నీటి సరఫరా, భవనాల మరమ్మతు, అన్నిటికీ ఆయనే జవాబుదారీ. యుద్ధమొస్తే ఒక్క రాత్రిలో పడకలు ఖాళీ చేయించి క్షతగాత్రులకు చోటు చూపించాల్సిందీ ఆయనే. ఆ కుర్చీ దాకా తీసుకెళ్లే దారి మన దేశంలో రెండున్నర శతాబ్దాలుగా మారుతూ వచ్చింది. మార్పులన్నిటి వెనకా ఒకటే పేచీ కనబడుతుంది. చేయి తిరిగిన వైద్యుడికి అధికారం ఎంత ఇవ్వాలి? ఇచ్చాక అతనిలో వైద్యుడు ఎంత మిగలాలి?

1764 జనవరి 1న ఈస్టిండియా కంపెనీ బెంగాల్లోని తన సర్జన్లందరినీ ఒక సర్వీసుగా కూర్చింది. అప్పుడు వారు 40 మంది: నలుగురు హెడ్ సర్జన్లు, 8 మంది సర్జన్లు, 28 మంది సహాయకులు. నేటి ఆర్మీ మెడికల్ కోర్ తన పుట్టుకను ఆ ఏడాది నుంచే లెక్కపెట్టుకుంటుంది. మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలకు వేరువేరు సర్వీసులు ఉండేవి. ఆ కాలపు సర్జన్‌కు పటాలంతో నడవడం ఒక్కటే పని కాదు. విలియం రాక్స్‌బర్గ్ 1776లో అసిస్టెంట్ సర్జన్‌గా మద్రాసు సర్వీసులో చేరి, 1781 నుంచి మన సామర్లకోటలో ఉన్నాడు. దండులోని రోగులను చూస్తూనే అక్కడ తోట వేసి మిరియం, చెరకు, మల్బరీలపై ప్రయోగాలు చేశాడు. కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్ బాధ్యత ఆయనకు దక్కింది. సైనిక వైద్యుడిగా మొదలైన దారి ఉద్యానవనంలో తేలింది. మంచి సర్జన్లు పటాలం ఆస్పత్రి దాటి పోవడం అప్పటినుంచే ఆనవాయితీ అయింది.

పోవడానికి కారణాలు బలమైనవే. మూడు ప్రెసిడెన్సీ సర్వీసులు 1896లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌గా ఒకటైనా, కొత్తగా చేరినవాళ్లు కొంతకాలం సైన్యంలో చేసి సివిల్ వైపు వెళ్లే పద్ధతి అలాగే కొనసాగింది. జిల్లా సివిల్ సర్జన్ అయితే ప్రైవేటు ప్రాక్టీసు ఉంటుంది. వైద్య కళాశాలలో ఆచార్య పదవి వస్తే పేరు వస్తుంది. సంస్థానంలో రెసిడెన్సీ సర్జన్ అయితే రెండూ ఉంటాయి. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో మత్తుమందు క్లోరోఫాం భద్రతను తేల్చే కమిషన్లు నడిపి ప్రపంచ వైద్య చరిత్రకెక్కాడు. యుద్ధమొస్తే సివిల్ వైపున్నవాళ్లంతా సైన్యానికి తిరిగి రావాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న లెక్క. ఇరవై ఏళ్లు జిల్లా ఆస్పత్రి నడిపిన డాక్టరును రాత్రికి రాత్రి రణరంగ ఆస్పత్రికి అధికారిని చేసే ఆ ఏర్పాటు ఎంత బలహీనమైనదో తర్వాత తేలింది.

భారతీయులకు ఈ తలుపు 1855లో తెరుచుకుంది. నియామకాలు సిఫారసుల మీద కాక పోటీ పరీక్ష మీద జరగడం ఆ ఏడాదే మొదలైంది. కలకత్తా మెడికల్ కాలేజీ విద్యార్థి సూర్యకుమార్ చక్రవర్తి ఆ తొలి పరీక్షలోనే నెగ్గాడు. పరీక్ష మాత్రం లండన్‌లో. ఓడ ఖర్చు సమకూరినవాడికే ఆ అవకాశం. అందుకే ఆ దారిన నడిచిన భారతీయులు చాలాకాలం కొద్దిమందే.

ఇక బదిలీ ఉత్తర్వు ఏం చేయగలదో చెప్పడానికి మన లష్కర్, అంటే సికింద్రాబాద్, కథ చాలు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో, 19వ మద్రాస్ పదాతిదళం వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. రోగి హుసేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి ముందుగా అతన్ని దోమలతో కుట్టించాడు. నెల తిరిగీ తిరగకముందే ఆయనకు రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ వచ్చింది. అక్కడ పరిశోధనకు తగినంత మలేరియాయే లేదు. నెలల తరబడి పని ఆగింది. 1898లో కలకత్తా చేరాకే పక్షుల మలేరియా మీద మిగిలిన సగం రుజువు చేయగలిగాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ ఉత్తర్వు వేసినవారికి రాస్ మీద కక్ష ఉండనక్కర్లేదు. ఏ పటాలానికి డాక్టరు కావాలన్నదే వాళ్ల లెక్క. ఏ డాక్టరు చేతిలో ఏ పని సగంలో ఉందన్న గడి ఆ లెక్కల పుస్తకంలో లేదు. సైనిక వైద్యుల జీవితాల్లో ఈ బాధ నేటికీ పూర్తిగా తీరలేదని నేను అనుకుంటాను.

అధికారం సంగతి మరో కథ. బ్రిటిష్ సైన్యంలోనే డాక్టర్లకు చాలాకాలం నిజమైన సైనిక హోదా లేదు. సర్జన్-మేజర్, సర్జన్-కెప్టెన్ వంటి జంట బిరుదులతో సరిపెట్టేవారు. 1898లో రాయల్ ఆర్మీ మెడికల్ కోర్ ఏర్పడ్డాకే మిగతా అధికారులతో సమానమైన హోదాలు వచ్చాయి. హోదా లేని డాక్టరు మాట ఎవరు వింటారు? 1863లో రాయల్ కమిషన్ భారతదేశంలోని బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని తేల్చింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆ నివేదిక వెనక పట్టుబట్టి పనిచేసింది. చావుల్లో ఎక్కువ భాగం తుపాకీ వల్ల కాదు, నీళ్ల వల్ల, మురుగు వల్ల. బావిని మూయించాలన్నా, బ్యారక్ మార్పించాలన్నా డాక్టరు సలహా ఇవ్వగలడే తప్ప ఆజ్ఞ ఇవ్వలేడు.

భారతీయ సిపాయిల పరిస్థితి ఇంకా అధ్వానం. బ్రిటిష్ సైనికులకు స్టేషన్ ఆస్పత్రులు ఎప్పుడో వచ్చాయి. సిపాయికి మాత్రం 1918 దాకా తన పటాలం చిన్నాస్పత్రే గతి. శిక్షణ పొందిన నర్సులుండరు. సేవకు పటాలం నుంచే ఎవరో ఒకరిని పంపేవారు. తిండి చాలావరకు అతని ఖర్చే. అలాంటి పది ఆస్పత్రులున్న దండులో కూడా నిజానికి ఆస్పత్రి కమాండర్ అన్నవాడే లేడు. ఉన్నది పదిమంది పటాలం డాక్టర్లు.

దాని ఫలితం మెసపొటేమియాలో కనిపించింది. 1915 నవంబరులో టెసిఫాన్ యుద్ధం తర్వాత క్షతగాత్రులను టైగ్రిస్ నది మీద స్టీమర్లలో బస్రాకు పంపారు. అక్కడ వరేలా అనే ఆస్పత్రి ఓడకు అధికారి, ఇండియన్ మెడికల్ సర్వీస్‌కు చెందిన మేజర్ ఆర్. మార్ఖమ్ కార్టర్. మెజీదియా అనే స్టీమర్ దగ్గరికి వస్తుంటే దాని అంచుల నుంచి తాళ్లలా ఏవో వేలాడుతున్నట్టు ఆయనకు కనబడ్డాయి. చేరువయ్యాక తెలిసింది, అది ఎండిన మలం. పడకలు లేవు, మరుగుదొడ్లు చాలవు. విరిగిన తొడలకు దొరికిన కర్రముక్కలు కట్టి ఉన్నాయి. డెక్ మీద కిక్కిరిసి పడుకున్న మనుషులు కదల్లేని స్థితిలో రోజుల తరబడి ప్రయాణం చేసి వచ్చారు. కార్టర్ చూసింది చూసినట్టు రాసి పైకి పంపాడు. పైవాళ్లు ఆయనను పిలిపించి, అనవసరంగా తలదూర్చుతున్నావని మందలించారు. ఓడ మీద అధికారం తీసేస్తామని, అరెస్టు చేస్తామని బెదిరించారు. ఆయన వెనక్కి తగ్గలేదు. 1917లో వెలువడిన మెసపొటేమియా కమిషన్ నివేదిక ఆ వాంగ్మూలాన్ని ప్రపంచం ముందు పెట్టింది. భారత వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లిన్ రాజీనామా చేశాడు. ఈ చరిత్ర మొత్తంలో నేను అందరికన్నా గౌరవించే మనిషి కార్టర్. ఒక మేజర్, తన పదోన్నతి ఎవరి చేతిలో ఉందో తెలిసీ, రోగి పక్షాన నిలబడ్డాడు.

అదే సర్వీసులోని మరో అధికారిలో ఇంకో కోణం చూడాలి. ఫ్రాన్స్‌లో గాయపడ్డ భారతీయ సైనికుల కోసం ఇంగ్లాండ్‌లోని బ్రైటన్‌లో ఆస్పత్రులు తెరిచారు. రాజభవనమైన రాయల్ పెవిలియన్‌లో ఒకటి, పేదల వర్క్‌హౌస్‌లో కిచెనర్ ఆస్పత్రి. రెండోదానికి కమాండర్ కల్నల్ సర్ బ్రూస్ సీటన్. యుద్ధం తప్పించుకోవడానికి సిపాయిలు తమను తామే కాల్చుకుంటున్నారన్న పుకారు అప్పుడు అధికార వర్గాల్లో తిరుగుతోంది. సీటన్ 1,000 గాయాలను ఓపికగా పరీక్షించి, ఆ అనుమానానికి ఆధారం లేదని 1915లో నివేదించాడు. వైద్యుడి చూపుతో వేలమంది పరువు కాపాడాడు. అదే సీటన్ తన ఆస్పత్రి చుట్టూ ముళ్లకంచె వేయించాడు, కాపలా పెట్టించాడు, రోగులనూ సిబ్బందినీ స్వేచ్ఛగా ఊళ్లోకి వెళ్లనీయలేదు. ఆ నిర్బంధం మీద కోపంతో ఒక భారతీయ సబ్ అసిస్టెంట్ సర్జన్ ఆయన మీద కాల్పులకు ప్రయత్నించి జైలుకెళ్లాడు. వైద్యం చేసేటప్పుడు చూసిన న్యాయం, కమాండ్ చేసేటప్పుడు ఆయనకు కనబడలేదు. కమాండెంట్ ఎంపికలో ఈ గుణం కొలవడానికి ఏ పరీక్షా లేదు.

మెసపొటేమియా అవమానం తర్వాత మార్పులు త్వరగా వచ్చాయి. 1918లో భారతీయ సైనికులకూ స్టేషన్ ఆస్పత్రులు, 1920లో వాటి సిబ్బంది కోసం ఇండియన్ హాస్పిటల్ కోర్. అలా ఒక దండులోని సిపాయిలందరి ఆస్పత్రికీ ఒకే కమాండింగ్ ఆఫీసర్ అన్న పదవి స్థిరపడింది. 1943 ఏప్రిల్ 3న ఇండియన్ మెడికల్ సర్వీస్ సైనిక భాగం, సహాయక సర్జన్ల ఇండియన్ మెడికల్ డిపార్ట్‌మెంట్, హాస్పిటల్ కోర్ కలిసి ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ అయ్యాయి. 1947లో పాత ఇండియన్ మెడికల్ సర్వీస్ రద్దయింది. సివిల్ వైపు జారుకునే పాత దారి దాంతో మూసుకుపోయింది. సైనిక వైద్యుడు ఇక సర్వీసులో ఉన్నంతకాలం సైనిక వైద్యుడే.

ఆ కొత్త తరానికి ఆర్కాట్ గోవిందరాజ్ రంగరాజ్ చక్కటి ఉదాహరణ. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి 1941లో సర్వీసులో చేరాడు, అదే ఏడాది పారాచూట్‌తో దూకిన తొలి భారతీయుల్లో ఒకడయ్యాడు. 1950లో 60వ పారా ఫీల్డ్ అంబులెన్స్‌కు అధిపతిగా కొరియా వెళ్లాడు. ప్యాంగ్యాంగ్ నుంచి ఐక్యరాజ్యసమితి సేనలు వెనక్కి తగ్గుతున్నప్పుడు వాహనాలు లేవు, వైద్య సామగ్రి వదిలి రమ్మన్నారు. సామగ్రి లేని ఆస్పత్రి ఎందుకు? ఆయన మనుషులు ఒక పాత రైలింజన్ పట్టుకున్నారు. బకెట్లతో నీళ్లు పోసి, ఆవిరి పట్టించి, సామానంతా ఎక్కించి దక్షిణానికి తోలుకొచ్చారు. 1951 మార్చి 23న మున్సాన్-నీలో అమెరికన్ దళాలతో పాటు 12 మంది భారతీయులు పారాచూట్లతో దిగి, అక్కడే గాయపడినవారికి చికిత్స చేశారు. రంగరాజ్‌కు మహావీర్ చక్ర వచ్చింది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున అఫ్గానిస్తాన్‌లో మశూచి నిర్మూలనకు పనిచేశాడు.

స్వాతంత్య్రం వచ్చాక బి.సి. రాయ్ కమిటీ సిఫారసులతో రెండు గట్టి పనులు జరిగాయి. మూడు దళాల వైద్య విభాగాలపైన ఒకే డైరెక్టర్ జనరల్ వచ్చారు. 1948 మే 1న పుణేలో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీ పుట్టింది. 1962లో అక్కడ ఎంబీబీఎస్ మొదలైంది. ఇప్పుడు డాక్టరు కెప్టెన్ హోదాలో లక్నోలో ప్రాథమిక శిక్షణ పొందుతారు. తర్వాత ఏదో ఒక పటాలంలో ఆర్‌ఎంఓ, అంటే పటాలం డాక్టరు. అక్కడ మంచులోనో ఎడారిలోనో గడిపిన కాలం తర్వాతి జీవితమంతా పనికొస్తుందని పాతవాళ్లు చెబుతారు, నేనూ నమ్ముతాను. ఆపైన దారి చీలుతుంది. ఒకటి స్పెషలిస్టు దారి: గ్రేడెడ్, క్లాసిఫైడ్, సీనియర్ అడ్వైజర్, కన్సల్టెంట్. రెండోది పరిపాలన దారి: ఫీల్డ్ ఆస్పత్రి, డివిజన్ వైద్య కార్యాలయం, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీ. పైమెట్టుకు వచ్చేసరికి రెండూ మళ్లీ ఒకే కుర్చీ దగ్గర కలుస్తాయి. చిన్న ఆస్పత్రికి కల్నల్, సికింద్రాబాద్ వంటి పెద్దదానికి బ్రిగేడియర్, కమాండ్ హాస్పిటల్‌కు మేజర్ జనరల్, ఢిల్లీలోని ఆర్మీ హాస్పిటల్ (రీసెర్చ్ అండ్ రెఫరల్)కు లెఫ్టినెంట్ జనరల్.

ఒకే గొడుగు కిందికి రావడంతో దళం మారే ప్రయాణాలూ సాధ్యమయ్యాయి. గైనకాలజిస్టు పునీతా అరోరా 1968లో చేరి, 2002లో కాలూచక్ ఉగ్రవాద దాడి బాధితులకు సత్వర వైద్యం అందించినందుకు విశిష్ట సేవా పతకం పొందారు. 2004లో పుణే కాలేజీ కమాండెంట్‌గా తొలి మహిళా లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు, ఆ తర్వాత నౌకాదళంలో వైస్ అడ్మిరల్. తిరుపతిలో పుట్టిన పద్మా బందోపాధ్యాయ్ విమానయాన వైద్యంలో నిపుణురాలై తొలి మహిళా ఎయిర్ మార్షల్ అయ్యారు. కేన్సర్ రేడియేషన్ నిపుణురాలు ఆర్తీ సరీన్ ముంబయి అశ్వినీ ఆస్పత్రికి, పుణే కాలేజీకి సారథ్యం వహించి, 2024 అక్టోబరు 1న మూడు దళాలకూ వైద్య డైరెక్టర్ జనరల్ అయిన తొలి మహిళ.

ఒక తలుపు మాత్రం మూసే ఉంది. 1888 మార్చి 28న బొంబాయి రేవులో దిగిన పదిమంది నర్సులతో మొదలైన సేవ మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌గా ఎదిగింది. 1976లో దాని అధిపతి గెర్ట్రూడ్ ఆలిస్ రామ్ మేజర్ జనరల్ అయ్యారు. భారత సైన్యంలో ఏ మహిళకైనా ఆ హోదా దక్కడం అదే మొదలు. అయినా ఆస్పత్రి కమాండ్ డాక్టర్లకే. 30 ఏళ్లు వార్డులు, ఆపరేషన్ థియేటర్లు, సిబ్బంది డ్యూటీలు నడిపిన నర్సింగ్ అధికారి పేరు ఆ కుర్చీకి పరిశీలనకే రాదు. కనీసం చిన్న ఆస్పత్రుల్లోనైనా నిర్వహణ బాధ్యత ఆమెకు, వైద్య నిర్ణయాలు సీనియర్ స్పెషలిస్టుకు అప్పగించి చూడాలని నా వాదన. అప్పుడు సర్జన్లను కత్తి మానిపించి ఫైళ్ల ముందు కూర్చోబెట్టాల్సిన అవసరం కొంతైనా తగ్గుతుంది.