గుండెపోటు వచ్చినప్పుడు ఒంట్లో హిస్టమిన్ ఏం చేస్తుంది?

హిస్టమిన్ అంటే చాలామందికి తుమ్ములు, దద్దుర్లు, సెట్రిజిన్ బిళ్ల గుర్తొస్తాయి. ఇది చర్మం, ఊపిరితిత్తులు, పేగుల్లోని మాస్ట్ కణాల్లో నిల్వ ఉంటుంది. గుండె రక్తనాళాల చుట్టూ కూడా ఈ కణాలుంటాయి. ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

గుండె కండరానికి రక్తం ఆగిపోతే అక్కడి మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను, దాంతోపాటు మరికొన్ని రసాయనాలను వదులుతాయి. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది తేలింది. గుండెపోటు తర్వాత కొవ్వు కణజాలం నుంచి కూడా మాస్ట్ కణాలు గుండెకు చేరతాయని 2016లో చిట్టెలుకలపై జరిగిన పరిశోధన చూపింది. దెబ్బ గుండెకే తగిలినా కబురు ఒళ్లంతా పోతుందన్నమాట.

అలాగని గుండెపోటుకి ఒళ్లంతా దద్దుర్లు రావు. వస్తే ముందు మందుల్ని అనుమానించాలి. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్ విడుదల చేయిస్తుంది. దురద పుట్టొచ్చు, బీపీ పడిపోవచ్చు. గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ బ్యాక్టీరియా నుంచి తీసినది కాబట్టి కొందరికి పడదు.

ఇదే కథ తలకిందులుగానూ నడుస్తుంది. అలర్జీలో విడుదలైన హిస్టమిన్ గుండె రక్తనాళాన్ని బిగించేసి గుండెపోటు తెప్పించొచ్చు. 1991లో గ్రీకు వైద్యుడు నికొలస్ కూనిస్ వివరించడంతో దీనికి కూనిస్ సిండ్రోమ్ అని పేరొచ్చింది. బెల్లంకొండ చుట్టుపక్కల పత్తి, మిరప చేలల్లో పనిచేసేవాళ్లకి తేనెటీగలు, కందిరీగలు కొత్తేం కాదు. కుట్టాక వాపుతో సరిపోతే పర్లేదు. ఛాతీ పట్టేసినా, ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగినా సెట్రిజిన్ వేసి పడుకోబెట్టకూడదు, అది దురదకే పనిచేస్తుంది. ప్రాణం మీదికొచ్చిన అలర్జీకి మొదటి మందు తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్.

పొట్టలో ఆమ్లం ఊరడానికీ హిస్టమిన్ కావాలి. దాన్ని అడ్డుకునే సిమెటిడిన్, గుండెకు వాడే ప్రొప్రనలాల్ రెండూ జేమ్స్ బ్లాక్ కృషే. ఆయనకు 1988లో నోబెల్ వచ్చింది. మన ఇళ్లల్లో గుండె నొప్పిని "గ్యాసేలే" అనుకుని గంటలు పోగొట్టుకోవడం మామూలైపోయింది. గుండె నొప్పి పొట్ట పైభాగంలో మంటలా తెలియొచ్చు, రెండిటి నరాల సంకేతాలు వెన్నుపాములో కలుస్తాయి మరి. రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత ఈ పొరపాటు ఇంకా తేలిక. చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి ఉంటే 108కి ఫోన్ చేసి సత్తెనపల్లి వైపో గుంటూరు జీజీహెచ్‌కో బయల్దేరాలి. రోజాలో ఉన్నా మందు ఆపాల్సిన పనిలేదు, జబ్బుపడ్డవాళ్లకు ఖురానే సడలింపు ఇచ్చింది, తర్వాత తీర్చుకోవచ్చు.

ఆసుపత్రిలో ఇంటివాళ్లు మొదటే చెప్పాల్సినవి: ఆస్పిరిన్ పడదా, ఉబ్బసం ఉందా, ఇంతకుముందు స్ట్రెప్టోకైనేజ్ ఎక్కించారా. ఒకసారి ఎక్కించాక దానికి విరుగుడు కణాలు కాదు, యాంటీబాడీలు ఒంట్లో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అందుకే రెండోసారి టెనెక్టిప్లేజ్ లాంటిది ఎంచుకుంటారు. పాత డిశ్చార్జి కాగితం ఉంటే అదీ చేతబట్టుకెళ్లాలి.