గడప దాటనిచ్చారు, లెక్కలో వేయలేదు

మొన్న మన సంఘం సర్వసభ్య సమావేశం ముగిసి అందరం టీ తాగుతుండగా, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీ ఒకాయన మమ్మల్ని పక్కకు పిలిచినాడు. "మాస్టారూ, ఇరవై ఆరేళ్ల పని మాది. పాలిటెక్నిక్ పిల్లలు మా షెడ్డుకొచ్చి కొలతలు నేర్చుకుని పోతారు. ఆ చదువులో మాకు ఒక్క ఏడాదైనా కలపరా?" అని అడిగినాడు. అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయినాము. ఆ ప్రశ్న వెనుక పెద్ద చరిత్రే కలదు. తెలిసినంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాము.

పూర్వం మన ఉస్తాదులు "ఎన్నేళ్లు కూర్చున్నావు?" అని అడిగేవారు కారు. కితాబు వచ్చిందా లేదా చూసి సనదు ఇచ్చేవారు. ఇంగ్లీషు చదువులు వచ్చిన పిమ్మట హాజరు పట్టీకి విలువ హెచ్చినది. అయినా లండన్ యూనివర్సిటీవారు 1858లోనే, కాలేజీలో చేరనివారు సైతం పరీక్ష వ్రాసి డిగ్రీ పొందవచ్చునన్నారు. మన దేశంలో పంజాబువారు ఇంకొక మెట్టు ఎక్కినారు. అక్కడ మున్షీ ఫాజిల్ వంటి ప్రాచ్య భాషా పరీక్ష ప్యాసైనవారు తక్కిన సబ్జెక్టులు వదిలి, ఇంగ్లీషు ఒక్కటి వ్రాసి బి.ఏ. వరకు పోవచ్చును. జనం దానికి "వయా భటిండా బి.ఏ." అని పేరు పెట్టి నవ్వినారు. అడ్డదారి రైలు అన్నమాట! నవ్వితే నవ్వనీయండి. ఒకసారి రుజువైన ఫార్సీని మళ్లీ మొదటినుంచీ చదవమనలేదు, అదీ అందులోని న్యాయం.

మన వైపు సంగతి చూద్దాం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది బెజవాడలోనే. 1930లో వాల్తేరుకు తరలిపోయింది. ఈ మాట మా క్లాసులో చెబితే పిల్లలు నమ్మరు. భాషాప్రవీణ వంటి పరీక్షలు పండితులకు కొంత దారి చూపినవి. 1962లో ఢిల్లీ, 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు పెట్టినవి గాని, వాటిలో చేరాలంటే ముందు కింది సర్టిఫికెట్టు ఉండాలి. బడి మానేసినవాడికి వాటితో ఏమి పని?

అసలు మార్పు 1982 ఆగస్టులో వచ్చింది. భవనం వెంకట్రామ్ గారు ముఖ్యమంత్రిగా ఉండగా హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొదటిది. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామిరెడ్డి గారు. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టినారు. బ్రిటన్‌లో 1969లో వచ్చిన ఓపెన్ యూనివర్సిటీ దీనికి ఆదర్శం. ఇంటరు లేకపోయినా, అసలు బడి సర్టిఫికెట్టే లేకపోయినా, ఒక అర్హత పరీక్ష ప్యాసైతే బి.ఏ.లో చేర్చుకున్నారు. మన విజయవాడవారికి మాచవరంలోని ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. ప్రభుత్వ కళాశాలలో స్టడీ సెంటరు ఉండేది.

మా ఖాలా ఆ పరీక్ష వ్రాసింది. వించిపేటలో ఇంటి వసారాలో పిల్లలకు ఉర్దూ చెప్పేది. ఆమె మాత్రం బడిలో చదివింది ఐదో తరగతే. అర్హత పరీక్ష ప్యాసైన రోజున ఇంట్లో సేమ్యా వండినారు. ఆదివారం క్లాసులకు ఆమె వెంట మేమూ పోయేవాళ్లం, చిన్నపిల్లలం, వరండాలో ఆడుకునేవాళ్లం. భాషా పేపరుగా ఉర్దూ తీసుకుంది. ఏళ్ల తరబడి ఇతరులకు చెప్పిన పాఠమే అందరితోపాటు మళ్లీ చదివి, ఫీజు కట్టి, వ్రాసి ప్యాసైంది. అంటే గడప దాటనిచ్చారు, ఆమెకు వచ్చినదాన్ని మాత్రం లెక్కలో వేయలేదు. డిగ్రీ చేతికొచ్చాక ఒక ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకుంది. "ఇంటర్ మెమో ఏదమ్మా?" అని తిప్పి పంపినారు. ఆ కాగితాలు ఇప్పటికీ ఆమె ట్రంకుపెట్టెలోనే ఉన్నవి.

ఇటువంటి చిక్కు ఆమె ఒక్కదానిదే కాదు. మొదటి డిగ్రీ లేకుండా ఓపెన్ పద్ధతిలో నేరుగా తీసుకున్న ఎం.ఏ. చెల్లదని 2009లో అన్నామలై యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చదివినవాడి కష్టం ఏమైపోయినట్లు?

అమెరికాలో ఈ పని వేరు విధంగా చేసినారు. 1967లో కాలేజీ బోర్డువారు క్లెప్ పరీక్షలు పెట్టినారు. సొంతంగా నేర్చుకున్నది ఆ పరీక్షలో రుజువైతే, ఒప్పుకున్న కాలేజీలు ఆ కోర్సును చదివినట్టే జమ చేస్తవి. చేసిన పనికి రుజువులన్నీ ఒక ఫైలుగా కట్టి చూపే పద్ధతీ వచ్చింది.

మేస్త్రీ గారికి ఇప్పుడు చెప్పదగిన సంగతులు రెండు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ముందే పని వచ్చినవారిని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు పెట్టినారు. అది డిగ్రీ కాదు. 2023లో కేంద్రంవారు జాతీయ క్రెడిట్ ఫ్రేంవర్కు ప్రకటించినారు. అందులో 30 గంటల చదువుకు ఒక క్రెడిట్టు, ఏడాదికి 1,200 గంటలకు 40 క్రెడిట్లు. పని అనుభవానికి కూడా క్రెడిట్లు ఇవ్వవచ్చునని వ్రాసినారు. అయితే గంటలు గడిస్తే చాలదు, పరీక్షించి ఒప్పుకోవాలి.

ఈ మాట చెప్పగానే ఆయన, "మరి నా గంటలు ఎవరు వ్రాసిపెట్టినారు మాస్టారూ?" అన్నాడు. పాత రశీదు పుస్తకాలు మూడు, బాడీ కట్టిన లారీల ఫొటోలు కొన్ని దొరికినవి. ముగ్గురు లారీ ఓనర్లు ఉత్తరాలు ఇస్తామన్నారు. వచ్చే ఆదివారం సంఘం ఆఫీసులో కూర్చుని, ఏ ఏడాది ఏ పని చేసినాడో వరుసగా వ్రాయబోతున్నాము. ఖాలా కూడా వస్తానన్నది, దస్తూరీ ఆమెదే బాగుంటుంది.